ఆగిపోయిన ఊడ్పుల పాట

నా చిన్నప్పుడు మా ఏలూరులో క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్నా, మా పెదనాన్న మాత్రం పాత రీలు టేపు రికార్డరునే పట్టుకుని ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. కొల్లేటి పక్షుల అరుపులు రికార్డు చేయడం ఆయన సరదా. ఆ మిషన్‌లో వినిపించినంత నిండుగా ఇంకెందులోనూ వినపడదని ఆయన నమ్మకం.

చిక్కల్లా ఖాళీ రీళ్ళతోనే. తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, మద్రాసు నుంచి తెప్పించినప్పుడల్లా ధర పెరిగేది. ఒక్క కొత్త రీలు ఖరీదుతో ఇంట్లోకి నెల బియ్యం వచ్చేస్తాయని పెద్దమ్మ బాధపడేది. ఆవిడను నొప్పించలేక పెదనాన్న కొత్తవి మానేశారు. పాత సామాన్ల కొట్టులో ఎవరో వాడేసిన రీళ్ళు కొని, వాటిని చెరిపి వాడుకునేవారు.

చెరిపే ముందు ప్రతి రీలూ చివరిదాకా వినేవారు. పక్కన నేనూ కూర్చునేదాన్ని. ఒకరోజు అలా వింటుంటే ఒక మగ గొంతు, తాను దెందులూరు బడిపంతులునని, ఇప్పుడు తన భార్య ఊడ్పుల పాట పాడుతుందని చెప్పింది. వెంటనే ఒక ఆడ గొంతు పాట ఎత్తుకుంది. చల్లటి గొంతు. రెండో చరణం మధ్యలో ఉండగానే ఆ మగ గొంతు, "ఇక చాల్లే, టేపు అయిపోతుంది" అంది. పాట అక్కడే తెగిపోయింది. ఆ తర్వాత రీలంతా ఖాళీ.

నాకు ఆ పంతులు గారి మీద కోపం వచ్చింది. మళ్ళీ నాకు బడి సెలవు రాగానే, పెదనాన్న బరువైన ఆ మిషన్‌ను ఆటోలో పెట్టించి నన్ను కూడా దెందులూరు తీసుకెళ్ళారు. ఊళ్ళో అడిగితే చర్చి వెనక ఇల్లు చూపించారు. పంతులు గారు పోయి చాలాకాలమైందట. ఆయన భార్య, బాగా పెద్దావిడ, అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ఇల్లు బాగుచేయించినప్పుడు పాత సామానుతో పాటు రీలు కూడా వెళ్ళిపోయిందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

భర్త గొంతు వినగానే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పాట తెగిన చోట మాత్రం నవ్వారు.

"ఆయన్నేం అనుకోకండి బాబూ. అప్పట్లో రీలు కొనాలంటే మాటలా? మిగతా టేపు పాస్టరు గారి ప్రసంగం కోసమని దాచారండి. ఈలోగా మిషనే పాడైపోయింది."

పెదనాన్న మైకు ఆవిడ ముందు పెట్టి, మిగతా పాట పాడమన్నారు. గొంతు పోయిందనీ, రీలు దండగనీ ఆవిడ వెనకాడారు.

"దండగేం లేదమ్మా, ఎంతసేపైనా పాడండి" అన్నారు పెదనాన్న.

"ఆయన మాట చెరిగిపోదు కదండీ?"

"చెరగదమ్మా. ఆ తర్వాత నుంచే రికార్డవుతుంది."

ఆవిడ మొదలుపెట్టారు. గొంతు వణికింది. చరణం మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళారు. మధ్యలో ఆపి, తనతో కలిసి నాట్లు వేసిన ఆడవాళ్ళ సంగతులు చెప్పుకొచ్చారు. అంగుళం టేపు పోయినా ప్రాణం విలవిల్లాడే పెదనాన్న ఒక్కసారి కూడా రీలు వంక చూడలేదు. చూస్తున్నది నేనే. పాట ఇంకా ఉండగానే టేపు అయిపోయింది. దాని కొస విడిపోయి టపటపా కొట్టుకోబోతుంటే, పెదనాన్న చప్పుడు కాకుండా రీలు మీద చేయి ఉంచి ఆపేశారు. ఆవిడకు తెలియనివ్వలేదు. అలాగే తల ఊపుతూ ఆఖరి చరణం దాకా విన్నారు.

తర్వాత ఆ పాటను క్యాసెట్‌లోకి ఎక్కించి ఆవిడకు ఇచ్చి వచ్చారు. ఆ రీలును మాత్రం చెరపలేదు కాబట్టి, ఆ ఏడు కొల్లేటి పక్షులను రికార్డు చేయడానికి ఆయన దగ్గర వేరే రీలు లేదు. వట్టి చేతులతో వెళ్ళి విని వచ్చారు.

ఇప్పుడు నేను తణుకులో టీచరుగా పనిచేస్తున్నాను. క్లాసు గుమ్మంలో నిలబడి ఏ తల్లైనా తన బిడ్డ గురించి చెప్పుకుంటుంటే, బెల్లు కొట్టినా సరే, ఆవిడ మాట పూర్తయ్యేదాకా పుస్తకాలు చేతిలోకి తీసుకోను.