పెద్దాయన ముఖం చూసి కొన్న ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు ఒక మనిషి ఎంత పెద్దవాడో తెలియాలంటే అతని ఫోటో ఎంత అరుదుగా దొరుకుతుందో చూస్తే సరిపోయేది. మామూలు మనుషుల పెళ్లి ఫోటోలు మా స్టూడియో అద్దాల వెనక ఏళ్ల తరబడి ఎండకు వెలిసిపోతూ ఉండేవి. వర్గాలు నడిపే పెద్దమనుషుల ఫోటో మాత్రం వాళ్ల బంధువుల ఇళ్లలో కూడా కనపడేది కాదు. ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ అప్పుడు నవ్వేవాళ్లెవరూ లేరు. అవతలి వర్గం వాళ్లు చంపడానికి బయటినుంచి మనుషుల్ని పిలిపిస్తే, 'ఇతనే' అని గుర్తు చూపించేది ఫోటోతోనే కదా. అందుకే పెద్దమనుషులు కెమెరా కనపడగానే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. పెళ్లి ఆల్బమ్‌లో పీటల వెనక ఒక తువ్వాలు, దాని కింద తెల్లచొక్కా కనిపిస్తే, 'ఈయన ఫలానా' అని మేమే విడమరిచి చెప్పాల్సి వచ్చేది.

ఆ స్టూడియో మా మేనమామది. డిగ్రీ పరీక్ష తప్పి (ఒక్క పేపరే, కానీ మిషన్ బడిలో పంతులైన మా నాన్న ఆదివారం చర్చిలో నా కోసం అందరిచేతా ప్రార్థన చేయించేంత పెద్ద పేపరు) నేను అక్కడ చేరాను. నెలరోజుల కంప్యూటర్ కోర్సు వెలగబెట్టి ఉన్నాను కాబట్టి, స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకు నేనే ఇంజనీరును, నేనే డాక్టరును. ఫోటోల్లో మచ్చలు తీసేసేవాణ్ణి, బట్టతలలకు వెంట్రుకలు మొలిపించేవాణ్ణి. ఊళ్లో పెళ్లి కుదరని మగపిల్లలందరూ నాకు నమస్కారం పెట్టేవారు.

అలా ఉండగా తొండూరు పక్క పల్లెలో ఒక పెద్దాయనకు పార్టీ టికెట్ వచ్చింది. ఇరవై ఏళ్లు తువ్వాలు చాటున బతికిన మనిషిని, ఊరూరా ముఖం ఉన్న ఫ్లెక్సీలు కట్టించమంది పార్టీ. ఆయన మా మామకు కబురుపెట్టి ఒక షరతు చెప్పాడు. ఫోటో తన ఇంట్లోనే తీయాలి, తన కళ్లముందే దిద్దాలి, తాను సరేనన్న బొమ్మ తప్ప ఇంకేదీ గడప దాటకూడదు. (దాటకూడని ముఖాన్ని స్తంభాలకు కట్టడమేమిటని అడిగే ధైర్యం మా ఇంటావంటా లేదు.) మా కంప్యూటరేమో బీరువాకు తమ్ముడిలాంటిది, జీపులో కూడా పట్టదు. "ల్యాప్‌టాప్ కొనాల్సిందేరా" అన్నాడు మామ. "ఈ పని బాగొచ్చిందంటే పార్టీ పనంతా మనకే వచ్చాది. చెడిందంటే నువ్వు పొయ్యి ఆ పరీక్ష రాసుకో." నాకు పెద్దాయన కంటే ఆ పరీక్షంటేనే ఎక్కువ భయం.

ల్యాప్‌టాప్ కొనబోతున్నామని తెలిసేసరికి సలహాలకు కొదవ లేదు. పెద్దాయన దగ్గర పదిహేనేళ్లుగా నీడలా ఉండే మీసాలాయన మాతోపాటు ప్రొద్దుటూరు దాకా వచ్చాడు. ఆయన కోరికలు రెండే. "కరెంటు పోయినా ఆగకూడదు. లేచి పరిగెత్తాల్సి వస్తే సంకలో పెట్టుకోని పొయ్యేటట్టుండాల." బ్యాటరీ గురించీ, బరువు గురించీ ఇంత సూటిగా చెప్పినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. మామ పెట్టె రంగు చూశాడు. నేనైతే ఇంజనీరును గదా, ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, హార్డ్ డిస్క్‌లో ఎన్ని పెళ్లిళ్లు పడతాయి అని అంగడాయన్ని ఊపిరాడకుండా చేశాను. ఆయన కువైట్‌లో కొన్నాళ్లు పనిచేసి వచ్చినవాడు, అందరూ గల్ఫ్ భాయ్ అనేవారు. ఓపిగ్గా అన్నీ చెప్పి, చివర్లో నేను ఎంచుకున్న ల్యాప్‌టాప్ తెరను కొంచెం వెనక్కి వాల్చి చూపించాడు. "చూడప్పా, పైనుంచి చూస్తే తెల్లగుండాది, కిందనుంచి చూస్తే నల్లగుండాది. ఫోటోల పనికి ఇది వద్దు. ఆ పక్కది తీసుకో, ర్యామ్ తక్కువైనా తెర మంచిది."

"తెరదేముంది భాయ్, లోపల సరుకుండాల గానీ" అన్నాను. ఇరవై రెండేళ్ల వయసులో మనిషి ఎంత తెలివితక్కువ మాటైనా ఎంత గంభీరంగా అనగలడో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. గల్ఫ్ భాయ్ నావైపు జాలిగా చూసి, నేను ఎంచుకున్నదాన్నే అట్టపెట్టెలో పెట్టి కట్టేశాడు.

మర్నాడు ఉదయం పెద్దాయన ఇంటికి పోయాం. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దాయన వీపు ఎప్పుడూ గోడకే ఆనాలి, ఆయన పక్కన గానీ వెనక గానీ కొత్తవాళ్లెవరూ కూర్చోకూడదు. అందువల్ల ఆయన గోడవారగా ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద ల్యాప్‌టాప్, ఆయనకు కనపడేలా వెనక్కి వాల్చిన తెర. దాని ముందు చాప మీద, ఆయన కాళ్ల దగ్గర, మెడ పైకెత్తుకుని నేను. తువ్వాలు తీయించి ఫోటో తీయడానికే మామకు గంట పట్టింది. అలవాటు లేని ముఖం కదా, నవ్వమంటే పళ్లు బిగించి కోపంగా చూశాడు. చివరికి లోపలినుంచి ఆయన భార్య "ఓట్లు అడగబోతాండావా, కొట్టబోతాండావా?" అనేసరికి నిజంగానే నవ్వొచ్చింది. ఆ క్షణాన్ని మామ పట్టేశాడు.

ఇక నా పని మొదలైంది. పెద్దాయన పైనుంచి తెరను చూసి ముఖం చిట్లించాడు. "ఏంది అబ్బీ, సున్నం కొట్టినట్టు చేసినావు? ఎండలో తిరిగే మనిషిని. తగ్గించు." తగ్గించాను. "ఇంగా." ఇంకా తగ్గించాను. కింద కూర్చున్న నాకు అప్పటికే ఆ ముఖం మీద మబ్బు కమ్మినట్టు ఉంది. ధైర్యం చేసి, "పెద్దాయనా, నాకు నల్లగానే కనపడతాండాది" అన్నాను. మీసాలాయన తలుపు దగ్గరినుంచి ఒక అడుగు ముందుకేశాడు. "ఆయన మొగం ఆయనకు తెలీదా? నీకు తెల్సునా?" ఆ ప్రశ్నకు జవాబు ఏ కంప్యూటర్ కోర్సులోనూ చెప్పలేదు. గల్ఫ్ భాయ్ మాట అప్పుడు గుర్తుకొచ్చింది. లేచి ఆయన ఎత్తున నిలబడి చూస్తే తేలిపోయేదే, కానీ ఆ ఇంట్లో ఉన్నట్టుండి లేవడం ఆరోగ్యానికి మంచిది కాదని మామ ముందే చెప్పి ఉన్నాడు. నల్లదనం పెంచుతూ పోయాను. "ఆ, ఇప్పుడు నా మాదిరుండాది" అన్నాడు పెద్దాయన తృప్తిగా.

ఫ్లెక్సీలు పులివెందులలో అచ్చయ్యాయి. చుట్టలు చుట్టిన వాటిని విప్పకుండా నేరుగా తన ఇంటికే తేవాలన్నాడు పెద్దాయన. తెచ్చాం. వాకిట్లో మొదటిది పరిచారు. పార్టీ జెండా చక్కగా వచ్చింది, అక్షరాలు చక్కగా వచ్చాయి, నడుమ నిలువెత్తు చీకటి. ఆ చీకట్లో రెండు కళ్లు, ఒక పళ్లవరస. ముక్కెక్కడో మీసమెక్కడో తెలియడం లేదు. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రేమతో అనుకునేరు, నేను పారిపోకుండా. నాకు మాత్రం కళ్లముందు ఆ పరీక్ష పేపరు ఆడుతోంది. దాన్ని రాసేదాకా బతికుంటే చాలు దేవుడా అనుకున్నాను.

పెద్దాయన ఫ్లెక్సీ చుట్టూ ఒకసారి తిరిగాడు. పేరున్న చోట చెప్పుకాలు పెట్టి దాన్ని మూసేసి, పొలం నుంచి అప్పుడే వచ్చిన మీసాలాయన్ని పిలిచాడు. "ఇదెవురు చెప్పు?"

మీసాలాయన వంగి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు. "తెలీదన్నా. ఎవురు? మన పార్టీ వాడేనా?"

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఫోటో కోసం గంటసేపు బతిమాలినా రాని నవ్వు, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "పదైదేండ్లు నా పక్కనుండే వాడే గుర్తుపట్టల్యా. ఇంగ అవతలోళ్లు ఏం గుర్తుపడ్తారు! శానా బాగా చేసినావు అబ్బీ. కట్టండప్పా, అన్నీ కట్టండి."

కట్టారు. జనం పేరునూ గుర్తునూ చూసి ఓట్లేశారు, ఆయన గెలిచాడు. మా స్టూడియోకు పార్టీ పనంతా వచ్చింది. అంతటితో ఆగలేదు. చుట్టుపక్కల పెద్దమనుషులంతా, అవతలి వర్గం వాళ్లతో సహా, "మాకూ ఆ మాదిరి నలుపే కావాల" అని వరసకట్టారు. రెండు మూడేళ్లు మా మండలాల్లో ఏ స్తంభం చూసినా కళ్లూ పళ్లూ తప్ప మనిషి లేడు. (ఆ పరీక్ష నేను ఇప్పటికీ రాయలేదు.)

కాలం మారింది. ఆ గొడవలు సద్దుమణిగాయి, మామ పోయాడు, స్టూడియో నాదైంది. ఒకరోజు మధ్యాహ్నం బస్సు దిగి, పక్కన ఎవరూ లేకుండా, కర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన లోపలికొచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. నిజం చెప్పొద్దూ, నేనూ గుర్తుపట్టలేదు.

"నీ చేతిపని, ఆ ఫ్లెక్సీ, గొడ్లపాక మీద కప్పినాం అబ్బీ. మా మనవరాలు దాన్ని చూసి, ఈయనెవురు తాతా అని అడిగింది. నేనే అంటే నమ్మల్యా. ఇంట్లో చూపిద్దామంటే ఇంకో ఫోటో ల్యా." భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒకటి తియ్యి. ఆ పాప గుర్తుపట్టేటట్టు."

తీశాను. దిద్దేటప్పుడు ఆయన అలవాటుగా కుర్చీని గోడదాకా జరుపుకోబోయాడు. నా పక్కన ఇంకో కుర్చీ వేసి, "ఈడ కూర్చోండి పెద్దాయనా, ఇద్దరం ఒక ఎత్తున చూద్దాం" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, వీధిలోకి తెరిచి ఉన్న తలుపును ఒకసారి చూశాడు. తర్వాత వచ్చి, వీపు ఆ తలుపుకేసి పెట్టి, నా పక్కన కూర్చున్నాడు.

ఫోటోల పనికి ఏ ల్యాప్‌టాప్ కొనాలని ఇప్పుడు కుర్రాళ్లు వచ్చి అడుగుతుంటారు. ర్యామ్ సంగతి తర్వాత, ముందు తెర చూడు, నీతోపాటు చూసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకో అంటాను. వాళ్లు నావైపు జాలిగా చూసి, లోపల సరుకెంతుందో చెప్పమంటారు. చాప మీద మెడ పైకెత్తుకుని కూర్చున్న ఆ ఇంజనీరు నాకు గుర్తొస్తాడు, నవ్వుకుంటూ చెప్పేస్తాను.