రెండో మెట్లదారి

1946 వేసవిలో నన్ను బందరు నుంచి బెజవాడ మునిసిపాలిటీకి బిల్డింగు ఓవర్సీరుగా వేశారు. వన్‌టౌన్‌లో కొంత భాగం నా కింద ఉండేది. కొత్తగా ఇల్లు కట్టాలన్నా, ఉన్నదాని మీద అంతస్తు లేపాలన్నా యజమాని ప్లానుతో దరఖాస్తు పెట్టుకోవాలి. ఓవర్సీరు వెళ్లి కొలిచి, ప్లానుతో సరిచూసి, ఫైలు మీద రిమార్కు రాస్తాడు. ఆ పైన ఇంజనీరుగారి సంతకం. హోదాలో మేము అట్టడుగువాళ్లమే. అయినా టేపు పట్టుకుని మెట్లెక్కేది మేమే కనుక మా రిమార్కును పైవాళ్లు సాధారణంగా కాదనేవారు కారు.

ఊళ్లో ఇళ్లన్నీ కొలిచే నాకు ఆ ఊళ్లో అద్దె ఇల్లు దొరకలేదు. యుద్ధం రోజుల్లో వచ్చి చేరిన జనంతో బెజవాడ కిక్కిరిసి ఉంది. సిమెంటుకూ ఇనుముకూ పర్మిట్లు కావలసిన కాలం. ముగ్గురు గుమాస్తాలతో కలిసి ఒక గదిలో సర్దుకున్నాను. నా భార్య సుభద్ర పామర్రులో పుట్టింట్లోనే ఉండిపోయింది. పెళ్లయి రెండేళ్లయినా మేము కలిసి కాపురం చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శనివారం సాయంత్రం బొగ్గుతో నడిచే బస్సెక్కి వెళ్లడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. ఆమె రాసే ప్రతి ఉత్తరం చివరా ఒకటే ప్రశ్న: ఇల్లు చూశారా?

దసరా వెళ్లాక బట్టల వ్యాపారి సుబ్బయ్యగారు కబురు చేశారు. తన మేడమీద వెనక వాటా ఖాళీ అయిందనీ, నాకే ఇస్తాననీ. వాళ్లది నేతపని చేసుకుని పైకొచ్చిన కుటుంబం. ఆయన వయసులో ఉండగా చీరల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. ఇప్పుడు కింద దుకాణం, దాని వెనక బట్టల బేళ్ల గోదాము, పైన నాలుగు వాటాలు. నాకు చూపించినది ఒక గది, చిన్న వంటిల్లు. కిటికీలోంచి పెంకుటిళ్ల మీదుగా కృష్ణ కనిపించేది. ఆఫీసు వదిలాక రెండుసార్లు ఊరికే వెళ్లి ఆ ఖాళీ గదిలో నిలబడి వచ్చాను. మంచం ఏ గోడవైపు, ఆమె ట్రంకు పెట్టె ఏ మూల, ఉయ్యాల ఏ దూలానికి అని చూసుకున్నాను. అప్పటికి సుభద్రకు మూడో నెల. ఉత్తరం రాయగానే సామాను సర్దుకుంది.

వారం తిరక్కుండా సుబ్బయ్యగారి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మేడ మీద ఇంకో అంతస్తుకు అనుమతి కావాలట.

కింద త్వరగా అంటుకునే సరుకు నిల్వ ఉండి, పైన వేరువేరు కుటుంబాలు కాపురముంటే మేము ఒక నియమం పాటించేవాళ్లం. మొదటి మెట్లకు దూరంగా, మరో దిక్కున బయటికి దిగే రెండో మెట్లదారి ఉండాలి. ఒక దారిని పొగ కమ్మితే జనం ఇంకో దారిన దిగుతారు. దాని తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, భయంతో తోసుకొచ్చే జనమే దాన్ని తెరవనివ్వరు. సుబ్బయ్యగారి మేడకు ఉన్నది ఒక్కటే దారి, గోదామును ఆనుకుని ఎక్కే చెక్కమెట్లు. వెడల్పు మూడడుగులు. బేళ్లు పేర్చగా మిగిలింది అడుగున్నర. కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు. రెండో మెట్లు వెనక సందులోకి దిగాలి. నాలుగువైపులా కొలిచాను. అవి దిగడానికి చోటు ఒక్కటే ఉంది. అది నా గది.

మళ్లీ కొలిచాను. మారలేదు.

పక్క వాటాలో బడిపంతులమ్మ రూతమ్మగారు, పక్షవాతంతో మంచాన పడ్డ తల్లితో ఉండేవారు. టేపు కొస పట్టుకోమని ఆవిణ్ణే అడిగాను. పనిలో పనిగా, కింద నిప్పంటుకుంటే అమ్మగారిని ఎలా దించుతారని కూడా అడిగాను.

"దించలేనండీ. ఆ మెట్ల మీద ఒక్క మనిషే సరిగ్గా పట్టడు గదా. అమ్మ పక్కన కూచుంటాను, అంతే." అలా చెప్పి, టేపు నా చేతికిచ్చి, గొడుగు తీసుకుని బడికి వెళ్లిపోయారు.

మా వృత్తిలో ఒక తేలిక వాక్యం ఉండేది: 'రెండవ దారి తరువాత ఏర్పాటు చేసుకొనవలెను.' అది రాస్తే అనుమతి వెళ్లిపోతుంది. ఆ తరువాత వెళ్లి చూసేవాళ్లు తక్కువ. ఇంజనీరుగారికి నా గది సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇష్టం లేకపోతే ఫైలు ఇంకొక ఓవర్సీరుకు ఇస్తానన్నారాయన. ఆ ఇంకొకాయన తేలిక వాక్యమే రాస్తాడని నాకు తెలుసు. నా చేతికి మసి అంటదు, గదీ దక్కుతుంది. ఆ పూటంతా ఆలోచించాను. నిజం చెప్పాలంటే, ఇచ్చేద్దామనే ఎక్కువసేపు అనుకున్నాను. సాయంత్రం, మెట్లు కట్టనిదే అనుమతి ఇవ్వరాదని రిమార్కు రాసి ఫైలు పంపాను. ఇంజనీరుగారు సంతకం పెట్టారు.

మర్నాడే సుబ్బయ్యగారు వచ్చారు. "మీ ఇల్లు మీరే పడగొట్టుకుంటారా అండీ ఓవర్సీరుగారూ? ఆ కాగితం మార్చి రాయండి, రేపే పాలు పొంగించుకోండి."

"ఆ మెట్లు లేకపోతే మా ఆవిణ్ణి అందులో పెట్టలేనండీ. మెట్లొస్తే గది ఉండదు," అన్నాను.

ఆయన విసురుగా లేచి వెళ్లిపోయారు. నెల రోజులు పంతం పట్టి, చివరికి అంతస్తు మీద ఆశతో ఒప్పుకున్నారు.

రిమార్కు రాసిన వారమే, శనివారం పామర్రు వెళ్లి సుభద్రకు చెప్పాను. కట్టిపెట్టిన ట్రంకు పెట్టె మీద కూర్చుని విన్నది.

"రాసేముందు నాకొక్క మాట చెప్పకూడదూ?"

చెబితే రాయలేనేమోనని భయపడ్డాను, అది మాత్రం పైకి అనలేదు. ఆమె లేచి పెట్టె తెరిచి, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది. తరువాత కూడా ఉత్తరాలు రాసింది గాని, ఇల్లు చూశారా అని అడగడం మానేసింది. అడిగినన్నాళ్లూ గుండెల మీద బరువుగా ఉన్న ఆ ప్రశ్న కోసం ఎన్నో ఉత్తరాలు చివరి నుంచి మొదలుపెట్టి చదివాను.

సిమెంటు దొరక్క సుబ్బయ్యగారు ఇటుక, సున్నంతో కట్టించి, పైన కడప బండలు పరిపించారు. తనిఖీకి వెళ్లినప్పుడు కిటికీ ఉన్నచోట తలుపు ఉంది. బయటికే తెరుచుకుంది. అక్కణ్ణించి కృష్ణ ఇంకా బాగా కనిపించింది. అంతకు ముందు ఆదివారమే రూతమ్మగారి తల్లిని ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఆ మెట్ల మీదుగా చర్చికి తీసుకెళ్లారని విన్నాను.

మా అమ్మాయి పామర్రులోనే పుట్టింది. 1948 చివర్లో గవర్నర్‌పేటలో ఒక వాటా దొరికేనాటికి దానికి నడకా మాటలూ వచ్చేశాయి. నేను వెళితే అమ్మమ్మ కొంగు చాటున నిలబడి, "బస్సు మావయ్య వచ్చాడు" అనేది. నాన్న అనిపించుకోవడానికి మరో ఏడాది పట్టింది.

నేను ఆ ఊరు వదిలేదాకా సుబ్బయ్యగారి గోదాములో నిప్పు పుట్టలేదు. ఆ మెట్లు లేకపోయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదేమో. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. నియమం పాటించినందువల్ల ఏ కీడు తప్పిందో ఎవరి కంటా పడదు. ఏం పోయిందో మాత్రం ఇంట్లోవాళ్లకు రోజూ కనిపిస్తుంది. తరువాతి కాలంలో నా కింద చేరిన ఓవర్సీర్లకు టేపు చేతికిచ్చేముందు ఈ రెండూ చెప్పేవాణ్ణి. రిమార్కు ఎలా రాయాలో ఆ తరువాతే నేర్పేవాణ్ణి.