దిబ్బ మీది చుక్కలు

ఆ సోమవారం పొద్దున మైలవరం బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. కొండపల్లిలో ఆగింది, కదలదే! డ్రైవర్ టీ తాగుతున్నాడు. సాయంత్రంలోగా నేను మ్యాపు పంపాలి.

మైలవరం అవతల ఒక ఊళ్లో పాత మట్టిదిబ్బ ఉంది. దాన్ని తవ్వి రోడ్డుకు మట్టి తోలుకుంటామని ఒక కాంట్రాక్టరు అడిగాడు. అక్కడ ఒకప్పుడు ఊరుండేదని పురావస్తు సర్వే చేసే మేం మ్యాపుతో చూపిస్తే తవ్వకం ఆగుతుంది. లేకపోతే మర్నాడే పొక్లెయిన్లు దిగుతాయి.

మా పని చెప్పుకోవడానికి తేలికే. నేల మీద కుండపెంకు కనబడితే, అది పడున్న చోటే టాబ్‌లో చుక్క పెట్టాలి. చుక్కలు ఒత్తుగా ఉన్నచోట మనుషులు బతికారన్నమాట. శనివారం అంచులే అయ్యాయి, అక్కడ చుక్కలు పలచగా పడ్డాయి. పెంకులన్నీ దిబ్బ నడిమధ్య ఉన్నాయి. ఆదివారం సెలవన్నారు. చుక్క పెట్టేముందు టాబ్‌కు జీపీఎస్ సిగ్నల్ అందేదాకా కాసేపు నిలబడటమే ఓర్చుకోలేనిదాన్ని. ఆ ఆదివారం ఎలా గడిచిందో నాకే తెలుసు.

దిబ్బను ఆనుకునే ఒక పెద్దావిడ ఇల్లుంది. పక్కన తవ్వితే తన గోడలు నిలవవని ఆమె దిగులు. శనివారమంతా నా వెంటే తిరిగింది. పెంకు పెంకుకీ నేను వంగడం చూసి "నడుం పడిపోద్దమ్మా" అని జాలిపడింది.

బస్సు దిగి దాదాపు పరుగెత్తాను. దిబ్బ ఎక్కి చూస్తే నేల ఊడ్చినట్టుంది. ఒక్క పెంకు లేదు. కాంట్రాక్టరు మనుషుల పనే అనుకుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దిగాను.

"రాండమ్మా, మీకోసమే చూస్తన్నాం" అంటూ పెద్దావిడ ఎదురొచ్చింది. వాకిట్లో బేసిన్ల నిండా పెంకులు! కడిగి, ఎర్రవి వేరుగా, నల్లవి వేరుగా పెట్టారు. "నిన్న చర్చి అయిపోయాక మా ఆడాళ్లందరం కలిసి ఏరాం. ఒక్కటీ వదల్లేదు. మీరిక ఎండలో వంగక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించను? కాళ్లు నిలవక వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఆఫీసుకు ఫోన్ చేశాను.

"కుప్ప చూపిస్తే ఎలాగండీ? అవి ఆ దిబ్బవేనని ఎవరు నమ్ముతారు? చుక్కలేవి?" అన్నారు మా సారు. ఆయన మాట తప్పు కాదు. అందుకే ఇంకా మండింది.

పెద్దావిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "ఇవి సరిపోతాయా అమ్మా? మన దిబ్బ ఆగుద్దా?"

ఆగుతుందంటే అబద్ధమవుతుంది. మజ్జిగ గడగడా తాగేశాను. టాబ్ తీశాను. పెంకు దొరికిన చోటే చుక్క పెట్టాలి. నాకు దొరికింది ఇక్కడే. ఆ పెంకులన్నిటికీ కలిపి ఆమె వాకిట్లో ఒకే ఒక్క చుక్క పెట్టాను.

ఆమె నా భుజం మీంచి తొంగిచూసింది. తన ఇల్లు మ్యాపులోకి ఎక్కిందని మురిసిపోతూ, చూద్దువు గాని రమ్మని పక్కింటావిణ్ణి కేకేసింది.