కాలు తీస్తే ఆగే కారు

డ్రైవరు కామాక్షయ్యకు క్లచ్ తొక్కడం రాకే కారు ఆగిపోయేదని బుచ్చిరెడ్డిపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది వట్టి మాట. తాగి నడిపేవాడన్నది అంతకంటే వట్టి మాట. ఆ మనిషి టీ కూడా సగం గ్లాసే తాగేవాడు. అరవై రెండులో జరిగింది వేరు.

కామాక్షయ్యది సముద్రం ఒడ్డున ఓ పల్లె. తండ్రి పడవ మీద వేటకు పోయేవాడు. ఈయన మాత్రం లారీ క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టి, పాతికేళ్లు నిండే నాటికి రైసుమిల్లు హజరత్తయ్య గారి నల్ల కారు నడుపుతున్నాడు.

ఆ ఏడు దసరా పోయాక కారుకు ఓ జబ్బు పట్టుకుంది. వేగంగా పోతున్నంతసేపూ గుర్రమే. ఎద్దుల బండి అడ్డమొచ్చి నెమ్మది చేసినా, ఎక్కడైనా ఆపినా ఇంజను చచ్చిపోయేది. దిగి ముందు నుంచి హ్యాండిలు తిప్పాల్సిందే. కొడవలూరు రైలు గేటు దగ్గర ఒకేరోజు మూడుసార్లు ఆగింది. వెనక వడ్ల బండ్లవాళ్లు ఊరుకుంటారా?

"ఏం సామీ, మీ పడవకు మాదిరి తెడ్డు తెచ్చియ్యమంటావా?" అన్నాడొకడు.

హజరత్తయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే, "కామాక్షయ్యా, నెల్లూరు నుంచి వేరే డ్రైవర్ని రమ్మన్నా. ఆదివారం లోపల ఇది బాగుపడకపోతే తాళాలిచ్చేసి పో" అన్నాడు.

"పోతానయ్యా. జబ్బు నాదో కారుదో తేల్చుకోని పోతా."

ప్లగ్గులు తీసి తోమాడు. మార్పు లేదు. పెట్రోలు గొట్టం ఊడదీసి ఊదాడు. అదే వరస. మూడో రోజు మిల్లు ఆవరణలో కారు నిలబెట్టి, ఇంజను ఆడిస్తూ, ఆక్సిలేటరు మీది నుంచి కాలు మెల్లగా తీసి చూశాడు. ఇరవైసార్లు చూశాడు. కాలు కాస్త ఆనించి ఉంచితే బతికేది, పూర్తిగా తీస్తే చచ్చేది. అంటే వేగానికి కావలసిన పెట్రోలు బాగానే అందుతోంది. ఊరికే నిలబడి ఆడేటప్పుడు వాడుకునే సన్నదారిలోనే ఏదో ఉంది. ఆ దారికి గాలి వెళ్లేది, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు పక్కనున్న చీమ దూరేంత రంధ్రం గుండా. బ్యాటరీ లైటు వేసి చూస్తే అక్కడ పసుపు, దాని నడుమ కుంకుమ.

ఆయుధపూజ నాడు యజమానురాలు ఆదిశేషమ్మ బానెట్టు ఎత్తించి, కనిపించిన ప్రతి భాగానికీ బొట్టు పెట్టింది. తుడిచెయ్యడానికి కామాక్షయ్యకు చెయ్యి రాలేదు. ఆమెనే పిలిచాడు.

"అమ్మా, ఇది మీరు పెట్టిందేనా?"

"నేను గాక ఎవురు పెడతారు? నిరుడు రాలిపోయిందని ఈసారి ఆముదంలో కలిపినా. ఎంత గట్టిగా పట్టిందో చూడు."

"పట్టిందమ్మా. అందుకే కారు ఆగతా ఉండాది."

"నా బొట్టు వల్లనా? నీకు నడపడం రాక నా మీదకి తోస్తావా?"

"ముక్కు మీద పెట్టినారమ్మా. ముక్కులో పసుపు కూరితే మనిషికైనా ఊపిరాడదు గదా."

ఆదిశేషమ్మ వంగి ఆ రంధ్రంలోకి చూసింది. "అయితే దేవుడి బొట్టు తుడిచేస్తావా?"

"నేను తుడవను. మీరే తీసి పైన మూత మీద పెట్టండి. దానికి ఊపిరితో పన్లేదు."

ఆమె తన గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, తనే పొడిచి శుభ్రం చేసింది. మిగిలింది కామాక్షయ్య ఊదేశాడు.

ఆదివారం హజరత్తయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. కొడవలూరు గేటు వేసి ఉంది. గూడ్సు బండి సాగుతూనే ఉంది. కామాక్షయ్య గేరు తీసి, రెండు కాళ్లూ పైకి మడిచి సీటు మీద మఠం వేసుకున్నాడు. ఇంజను గుడగుడమంటూ ఆడుతూనే ఉంది.

"అయ్యా, నా కాళ్లు చూడండి."

"చూసినాలే, దించు. గేటు తీస్తా ఉండారు."

నెల్లూరు నుంచి వచ్చిన డ్రైవరుకు అన్నం పెట్టి పంపేశారు. తాళాలు మరో పదేళ్లు కామాక్షయ్య మొలలోనే ఉన్నాయి.

ఇప్పుడాయనకు కళ్లు మసకేశాయి. భార్య పిచ్చమ్మ ఉన్నన్నాళ్లూ పలకరించే మనిషి ఉండేది, ఆమె కూడా పోయింది. కొడవలూరులో కూతురింట్లో, వీధి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉంటాడు. అటు వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగి, ఎట్లా ఉన్నాడో చూసి రండి.