ఆయన డబ్బాలోని రెండు గుడ్లు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో నా పొట్ట యూనిఫారం గుండీల మాట వినడం మానేసింది. అమీన్‌పూర్‌లో జిమ్ పెట్టినాయన నన్ను ఎగాదిగా చూసి, "అన్నం బంద్ పెట్టు సార్, ప్రొటీన్ పెంచు. గుడ్డుల తెల్లది తిను, పచ్చది పడెయ్" అన్నాడు. నేనేదైనా మొదలుపెడితే నలుగురికీ తెలియాల్సిందే. ఆ రోజే ఇంట్లో గొప్పగా ప్రకటించాను. మా ఆవిడ మాత్రం, "పొద్దుగాల్నే నీకో వంట, పిల్లలకో వంట నాతోని కాదు" అని ఎప్పటిలాగే డబ్బా నిండా అన్నం, పప్పు పెట్టి పంపింది.

నా మధ్యాహ్న భోజనం ఎన్నో ఏళ్లుగా ఒకే మనిషితో. పక్క మెషిన్ మీద కాంట్రాక్టు పని ఆయనది. కొండాపూర్ మండలంలోని ఓ పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. షెడ్డు వెనక మెట్ల మీద కూర్చుని తినేవాళ్లం. ఆ మధ్య ఆయన డబ్బాలో జొన్నరొట్టెలతో పాటు రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు రాసాగాయి. అంతకుముందు ఉండేవి కావు. ఎందుకు వస్తున్నాయని నేను అడగలేదు.

"అన్నా, గా గుడ్లు నాకియ్యరాదు. నా అన్నం నువ్వు తిను" అన్నాను.

ఆయన కాసేపు డబ్బాలోకి చూశాడు. "తీస్కో తమ్మీ, దాంట్లేముంది" అన్నాడు.

అలా మూడు నెలలు. ఆయనకు వరి అన్నమంటే ఇష్టం, కాబట్టి నేనే మేలు చేస్తున్నానని కూడా అనుకున్నాను. పచ్చసొన తీసి షెడ్డు దగ్గరి కుక్కకు వేసేవాణ్ణి, ఆయన కళ్లముందే. "గది గూడ మంచిదే గద తమ్మీ" అన్నాడొకసారి. అందులో కొవ్వుంటుందని ఆయనకు పెద్ద పాఠం చెప్పాను.

నేను తొమ్మిది కిలోలు తగ్గాను. ఆయన కూడా తగ్గాడు. "డైట్ నాదైతే నువ్వు సన్నబడుతున్నవేందన్నా" అని నవ్వాను. ఆయనా నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. తర్వాత పనికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే జ్వరమన్నాడు. రెండు వారాలు చూసి, ఓ ఆదివారం బండి మీద వాళ్ల ఊరెళ్లాను.

మంచం మీద ఉన్నాడు. తలాపున మందుల అట్టలు. "టీబీ తమ్మీ" అంది వాళ్లావిడ. "నాలుగు నెలలాయె. కంపెనీల తెలిస్తే తీసేస్తరని ఎవ్వలకు చెప్పలే. మందులు మింగుతుండు గని బలం వస్తలేదు. తిండి సరిగ పెడ్తలేవని డాక్టర్ నన్నే తిట్టిండు. రోజూ రెండు గుడ్లు పెట్టి పంపిన. నువ్వు పక్కనే కూసుంటవు గద, తింటుండెనా లేదా?"



"తిన్ననంటి గదనే. కావాల్నంటే తమ్మిని అడుగు" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

"తిన్నడు వదినా" అన్నాను.

నా బతుకులో చాలా అబద్ధాలాడాను. అంత సిగ్గుమాలినది ఇంకొకటి లేదు. తప్పు నాది, తిట్లు ఆమెకు. ఆమె లోపలికెళ్లి, కాసేపటికి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. వేడివేడి గుడ్లు రెండు.

"నువ్వు అన్నం తినవట గద తమ్మీ. ఆయన చెప్పిండు."

పళ్లెం ఆయన ముందుకు జరిపి, "నాకు అన్నమే పెట్టు వదినా" అన్నాను. ఆమె సంబరంగా వడ్డించింది. నేను తల దించుకుని కలుపుకుంటుంటే, ఆయన చెయ్యి చాచి ఒక గుడ్డు నా కంచంలో వేశాడు. అలవాటు.