‘బై’ తర్వాతి పేరు

మా ఇంగ్లిష్ టీచర్ ప్రభువునందు నిద్రించారని ఆవిడ మేనకోడలు మా పాత ట్యూషన్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. కాప్రాలో, ఇంట్లోనే, పొద్దున టీ కలుపుకుంటూ ఉంటే గుండెపోటు. చదవగానే ఏడుపు కంటే ముందు ఆవిడ గొంతే వినిపించింది. “నిద్రించారా? ఇది ఏ ఫిగర్ ఆఫ్ స్పీచ్, చెప్పండి?” యూఫమిజం, టీచర్. కటువైన సంగతిని మెత్తటి మాటతో కప్పడం. పదో తరగతి పరీక్షలో తప్పకుండా వచ్చేది. నేర్పడం ఆవిడకు ఇష్టమే, వాడితే మాత్రం ఒళ్లు మండేది. అందుకని నేను చనిపోయారనే రాస్తున్నాను.

ఆవిడది గోదావరి వైపు క్రైస్తవ కుటుంబం. అప్పట్లో రెజిమెంటల్ బజార్‌లో, మా స్కూలు పక్క సందులో అద్దెకుండేవారు. ముందు గదిలో ట్యూషన్. బోర్డు లేదు. నేల బండల మీదే సుద్దముక్కతో సిమిలీ, మెటఫర్, ఐరనీ అని పెద్ద అక్షరాలతో రాసేవారు. మేం వాటి చుట్టూ కూర్చునేవాళ్లం. తొక్కితే ఊరుకునేవారు కాదు. బుగ్గన లవంగం పెట్టుకుని పాఠం చెప్పేవారు, అందుకే ఆవిడ తిట్లకు కూడా లవంగం వాసన ఉండేది.

ఎవరైనా “గ్లాసు పగిలింది టీచర్” అంటే చాలు, పట్టుకునేవారు. “దానంతట అదే పగిలిందా? బై హూమ్?” నేనే పగలగొట్టాను టీచర్ అని ఒప్పుకునేదాకా వదిలేవారు కాదు. వెనకాల మేం ఆవిణ్ణి బై హూమ్ టీచర్ అనేవాళ్లం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. “ప్యాసివ్ వాయిస్‌లో ‘బై’ తర్వాత చేసినవాడి పేరు వదిలేయొచ్చమ్మా, మార్కులేం పోవు. వాడు మాత్రం హాయిగా తప్పించుకుపోతాడు” అనేవారు.

మా ఇంట్లో చేసినవాడు ఎప్పుడూ తప్పించుకుపోయేవాడు. నాన్నకు బజార్లో ఇనుప సామాను దుకాణం. వీధిలో అందరికీ పెద్దమనిషి. ఇంటికొస్తే బెల్టు, చెంబు, చేతికి ఏదందితే అది. అమ్మ జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు. కుదుళ్లతో ఊడొచ్చిన చోట తల మీద చర్మం కనబడేది, అమ్మ అక్కడ పూలు పెట్టుకుని కప్పేది. పక్కింటావిడ అడిగితే “తలుపు తాకింది వదినా” అనేది. నాన్న నా చెయ్యి కాలిస్తే ఇస్త్రీపెట్టె తాకింది అనేది. మన మాటల్లో ఎంత వెసులుబాటు ఉందో చూడండి. దెబ్బ తాకుతుంది, తగులుతుంది. కొట్టినవాడి ఊసే అక్కర్లేదు.

ఒకరోజు పర్సానిఫికేషన్‌కు ఎగ్జాంపుల్ చెప్పమన్నారు. నేను లేచి, “ద డోర్ హిట్ మై మదర్” అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“కరెక్టే. ప్రాణం లేనిదానికి మనిషి చేసే పని అంటగట్టావు” అన్నారు. మిగతావాళ్లను పంపించేసి నా చేతి మీద మచ్చ చూశారు. “మరి ఆ పని చేసిన మనిషెవరే?”

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు. “ఎప్పుడైనా సరే, మీ అమ్మని తీసుకుని ఇక్కడికొచ్చెయ్. తలుపు కొట్టక్కర్లేదు, తోసుకుని రా” అన్నారు.

అలాగే వెళ్లాం. ఆదివారం మధ్యాహ్నం, చెప్పుల్లేకుండా, అమ్మ నోటి నిండా నెత్తురు. మా వెనకే నాన్న దుకాణంలోని ఇనుప పైపు పట్టుకుని వచ్చాడు. టీచర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

“ఏందీ టీచరమ్మా, నా ఇంటి ముచ్చట్ల నీకేం పని? జరుగు.”

“లోపలికి అడుగు పెట్టొద్దు.”

పైపు ఆవిడ కుడిచేతి మీద పడింది అని రాయబోయి ఆగాను. నాన్న కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బ దవడ మీద కొట్టాడు. ఆవిడ ఆ సుద్ద అక్షరాల మీదే పడిపోయారు, పడి కూడా ఎడమచేత్తో అతని కాలు పట్టుకుని వదల్లేదు. నేను పీట ఎత్తి అతని మోకాలి మీద శక్తికొద్దీ కొట్టాను. ఆ వాక్యంలో కర్తను నేనే, నాకేం సిగ్గు లేదు. ఈలోగా సందులోవాళ్లు వచ్చి అతణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పజెప్పారు. టీచర్ కుడిచెయ్యి తర్వాత పూర్తిగా చాపుకోవడానికి రాలేదు. బండల మీద ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. నేనివాళ ఊపిరితో ఉండి ఇదంతా రాస్తున్నానంటే ఆవిడ వల్లనే.

పోలీస్‌స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ రాసి చదివాడు. “మాటామాటా పెరిగి గాయాలయినవి.”

టీచర్ విరిగిన చేతికి తువ్వాలు చుట్టుకుని, వాచిన దవడతోనే అడిగారు. “వాటంతట అవే అయ్యాయా అండీ?”

“మీ కేసు రాస్తా మేడం. ఇంట్ల లొల్లి సంగతైతే ఆమెనే చెప్పాలె.” అమ్మ వైపు తిరిగాడు. “ఏమైందమ్మా?”

“దెబ్బ తాకింది సార్” అంది అమ్మ.

“గట్లయితే ఇంటికి పోండ్రి. ఈయన సుత పొద్దుమీకి వస్తడు.”

నాన్న బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అతను సాయంత్రం ఇంటికొస్తే అమ్మా నేనూ మిగలమని నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. “కొట్టిండు సార్” అంది.

“ఎవరు?”

“మా ఇంటాయన.”

“పేరు చెప్పాలె గదమ్మా.”

మొగుడి పేరు పలకకూడదని అమ్మకు చిన్నప్పుడే నేర్పారు. రేషన్ షాపులోనైనా, నా స్కూల్లోనైనా ఆ పేరు అడిగితే నా వైపు చూసేది, నేను చెప్పేదాన్ని. అప్పుడూ నా వైపే చూసింది. నేను నోరు తెరిచాను. టీచర్ బాగున్న చేత్తో నా నోరు మూశారు.

“ఆవిణ్ణి చెప్పనివ్వు.”

అమ్మ నోట్లో నెత్తురు మింగింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

“జెర జోర్‌గ చెప్పమ్మా.”

అమ్మ గట్టిగా చెప్పింది. వరండాలో వాళ్లు కూడా తిరిగి చూశారు. నాన్న కాళ్లు ముడుచుకున్నాడు. “స్పెల్లింగ్ సరిగ్గా రాయండి” అన్నారు టీచర్.

ఆసుపత్రికి ఆటోలో బయల్దేరాం. టీచర్ విరిగిన చెయ్యి అమ్మ ఒళ్లో ఉంది. ప్రతి గతుకుకూ ఆవిడ పళ్లు బిగిస్తున్నారు. అమ్మ బయటికి వంగి నెత్తురు ఉమ్మింది, కొంగుతో మూతి తుడుచుకుంది, ఎవరూ అడక్కుండానే ఆ పేరు ఇంకోసారి పలికింది.