కరాచీలో తమ్ముడున్న అవ్వ

హిందూపురంలో మా పక్కింటి అవ్వ మొన్న శుక్రవారం కన్నుమూసింది. ఇరవై ఏళ్ళు ఒకే గోడకు ఈ పక్క నేను బైబిలు వాక్యం చెప్పుకున్నాను, ఆ పక్క ఆమె నమాజు చేసుకుంది.

బట్టలు కుట్టి బతికింది. పెరట్లో నేను ప్రసంగం మొదలుపెడితే మిషను ఆపేది. "ఏమప్పా, మీ దేవునికి చెవుడా? అంత గట్టిగా అరుస్తాండావు," అనేది. అంటూనే గోడ మీద వేడి జొన్నరొట్టె పెట్టేది.

దేశం చీలినప్పుడు ఆమె తమ్ముడు కరాచీ పోయాడు. అతన్ని ఒక్కసారి చూసి పోవాలన్నదే ఆమె కోరిక. అతను రావాలంటే అనుమతి కాగితం కావాలి. ఎన్నికలొస్తే ఆ కాగితం కదలదని ఆమెకు అనుభవం.

పందొమ్మిది వందల అరవై రెండులో వచ్చిన ఎన్నికల్లో ఒక అభ్యర్థి మనుషులు నా గొంతు చూసి పెనుకొండలో వేదిక ఎక్కించారు. సోదరులారా, ఒప్పుకుంటున్నాను. చేతిలో బైబిలు పట్టుకుని, ప్రవక్తలు ఆకాశం నుంచి దింపిన అగ్ని పొరుగు దేశం మీద కురవాలన్నాను. చప్పట్లు మోగాయి.

తిరుగు బస్సులో నా పక్కన అవ్వ కూర్చుంది. కాగితం సంగతి కనుక్కోవడానికి పెనుకొండ ఆఫీసుకు వచ్చి, జనంలో నిలబడి అంతా విన్నదట.

"నా తమ్ముడుండేది ఆడనే కదప్పా," అంది. "ఆ నిప్పు పడేటప్పుడు వాణ్ణొక్కణ్ణి పక్కకు జరగమని చెప్తావా?"

పొరుగువాణ్ణి ప్రేమించాలని ప్రతి ఆదివారం కేకలేసే నేను చేతిలోని బైబిలును సంచిలో పెట్టేశాను. మళ్ళీ ఏ అభ్యర్థి వేదికా ఎక్కలేదు.

ఓట్లయ్యాక నాయకుల మాటలు మెత్తబడ్డాయి, కాగితం వచ్చింది. ధర్మవరం జంక్షనుకు ఆమెతో నేనూ పోయాను. నెరిసిన గడ్డంతో దిగిన మనిషిని, "ఇంత ముసిలోడివైనావేమిరా," అని చెవి మెలిపెట్టింది. ఎనిమిది రోజులున్నాడు.

తర్వాత అక్కడా ఎన్నికలొచ్చాయి. తమ్ముడి జాబు చదివించుకుని గోడ దగ్గరికొచ్చి నవ్వింది. "ఆడ కూడా నీ మాదిరి గొంతోడు ఒకడుండాడంట. మన మీద నిప్పు కురిపిస్తాండాడంట."

ఆ ఏడాదే యుద్ధం. ఇంక కాగితం రాలేదు.

వాళ్ళ ఆచారంలో దగ్గరివాళ్ళు సమాధిలో మూడేసి పిడికిళ్ళ మన్ను వేస్తారు. తమ్ముడు రాలేకపోతే అతని మన్ను నన్నే వేయమని అవ్వ మంచంలో ఉండగానే నాకూ, మసీదు పెద్దలకూ చెప్పింది. శుక్రవారం తమ్ముడి వంతు వచ్చేసరికి పెద్దలు పక్కకు జరిగి నాకు దారిచ్చారు. వంగి ఎర్రమన్ను తీసుకున్నాను. మూడు పిడికిళ్ళూ మెల్లగా, చప్పుడు కాకుండా వేశాను.